పీటర్ థామ్సన్ నడిచిన నేల: మెల్‌బోర్న్‌లో ఒక వారం

సోమవారం, బ్రన్స్‌విక్

ఎలిజబెత్ స్ట్రీట్‌లో 19వ నంబరు ట్రామ్ ఎక్కాను. యూనివర్సిటీ దాటాక రాయల్ పరేడ్ పొడవునా ఎల్మ్ చెట్ల నీడ. ఆ నీడ అయిపోయి సిడ్నీ రోడ్ మొదలవగానే ఊరి తీరే మారిపోయింది. లెబనాన్ వాళ్ల రొట్టెల దుకాణాలు, టర్కీ మిఠాయి కొట్లు, పెళ్లి గౌన్ల షాపులు, మధ్యమధ్య మన కిరాణా సరుకులమ్మే కొట్లు. దిగి డాసన్ స్ట్రీట్ వైపు నడిస్తే పాత హాఫ్‌మన్ ఇటుకల ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించాయి. ఇప్పుడక్కడ ఇటుకలు కాల్చడం లేదు, చుట్టూ ఇళ్లు కట్టేశారు. పొగగొట్టాలను మాత్రం వారసత్వ కట్టడాలుగా ఉంచారు.

ఈ బ్రన్స్‌విక్‌లోనే 1929 ఆగస్టు 23న పీటర్ థామ్సన్ పుట్టాడు. బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్‌ను ఐదుసార్లు గెలిచిన మనిషి. ఆస్ట్రేలియా నుంచి ఆ టోర్నమెంట్ గెలిచిన మొదటివాడు. వరసగా మూడేళ్లు గెలిచినవాడు ఇరవయ్యో శతాబ్దం మొత్తంలో ఇంకొకడు లేడు.

నేను తెలుగు పత్రికల్లో క్రీడల పేజీ చూసిన మనిషిని. మా పేజీలో గోల్ఫ్‌కి దొరికే చోటు రెండు అంగుళాలు, అదీ యాడ్స్ తక్కువ వచ్చిన రోజున. ఇండియన్ ఓపెన్ వార్త రాసిన ప్రతిసారీ పాత విజేతల జాబితా తిరగేసేవాణ్ణి. మొదటి వరసలోనే కనిపించేది ఈయన పేరు: 1964, పీటర్ థామ్సన్, ఆస్ట్రేలియా. మళ్లీ 1966. మళ్లీ 1976. ప్రపంచంలో అంత పేరున్న ఆటగాడు ఢిల్లీకి ఎందుకు వచ్చాడు, అన్నిసార్లు ఎందుకు తిరిగొచ్చాడు అన్న ప్రశ్న అప్పట్నుంచీ నాతో ఉండిపోయింది. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఉండే మా తమ్ముడు రమ్మని పిలిచినప్పుడు, వారం రోజులు థామ్సన్ తిరిగిన చోట్లు చూస్తానని ముందే చెప్పేశాను.

బ్రన్స్‌విక్ అప్పట్లో కూలీల పేట. ఆయన పుట్టిన కొద్దివారాలకే అమెరికా షేర్ మార్కెట్ కూలింది, ఆ దెబ్బ ఇక్కడి ఫ్యాక్టరీల మీదా పడింది. చదివింది బ్రన్స్‌విక్ టెక్నికల్ స్కూల్లో. నేర్చుకున్నది పరిశ్రమలకు పనికొచ్చే కెమిస్ట్రీ. ఉద్యోగం స్పాల్డింగ్ అనే ఆటవస్తువుల కంపెనీలో. 1949లో ఇరవయ్యో ఏట ఆ ఉద్యోగం వదిలి ప్రొఫెషనల్ అయ్యాడు. గోల్ఫ్ అంటే వారసత్వంగా వచ్చే క్లబ్ సభ్యత్వాలు, తెల్ల ప్యాంట్లు గుర్తొచ్చే మనకి ఈ వివరాలు కొత్తగా ఉంటాయి. ఈ వీధుల్లో నడుస్తుంటే నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. ఇక్కడి పిల్లాడికి గోల్ఫ్ ఎలా అందింది? ఆ జవాబు కోసం పక్క స్టేషన్‌కి వెళ్తే చాలు.

మంగళవారం, రాయల్ పార్క్

మా తమ్ముడి కూతురికి కాలేజీ సెలవు. "పెదనాన్నా, నేనూ వస్తా, కానీ నాకు బ్యాట్ పట్టుకోవడం కూడా రాదు" అంది. గోల్ఫ్ కర్రను క్లబ్ అంటారని చెబుతూ అప్‌ఫీల్డ్ లైన్ రైల్లో రాయల్ పార్క్ స్టేషన్‌లో దిగాం. ఒక పక్క జూ. ఇంకో పక్క గడ్డి, యూకలిప్టస్ చెట్లు, వాటి మధ్య జెండాలు. అదే తొమ్మిది హోల్స్ (జెండా పాతిన గుంతలు) ఉన్న పబ్లిక్ గోల్ఫ్ కోర్సు.

ఈ కోర్సు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే థామ్సన్ కథ మొత్తం ఇక్కడి నుంచే మొలిచింది. ఇది నగరం సొంత భూమి. సభ్యత్వం అక్కర్లేదు, సిఫార్సు అక్కర్లేదు. కౌంటర్‌లో డబ్బులు కట్టి, క్లబ్బులు లేకపోతే అద్దెకు తీసుకుని ఆడుకోవచ్చు. మా ముందు ఒక పెద్దాయన చక్రాల బండి లాక్కుంటూ ఒంటరిగా ఆడుతున్నాడు. వెనక ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు, ఒకడి కాళ్లకు మామూలు చెప్పులు. ఎవరూ ఎవర్నీ వింతగా చూడలేదు. ఆట మధ్యలో జూ వైపు నుంచి ఏదో జంతువు అరిచింది, మా అమ్మాయి బంతి వదిలేసి అటే చూస్తూ నిలబడింది.

మా విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884 నాటిది. రాయల్ పార్క్ కంటే పాతది, సముద్రం గాలి తగిలే అందమైన చోటు. కానీ మా చిన్నతనంలో మేం దాన్ని కంచె బయట నుంచి చూసినవాళ్లమే. లోపలికి వెళ్లి ఆడొచ్చన్న ఆలోచన కూడా రాలేదు. బ్రన్స్‌విక్ పిల్లాడికి ఆ కంచె లేదు. నాకు తెలిసినంతలో ఆయనకీ మనకీ మధ్య ఉన్న మొదటి తేడా ప్రతిభ కాదు, ఈ తొమ్మిది హోల్స్.

ఆయన పన్నెండు పదమూడేళ్ల వయసులో ఉండగా రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. 1942లో రాయల్ పార్క్‌లో అమెరికా సైనికులకు క్యాంప్ పెల్ అనే పెద్ద శిబిరం వేశారు. యుద్ధం అయ్యాక అదే శిబిరంలో ఇళ్లు లేని కుటుంబాలను ఉంచారు. 1956 ఒలింపిక్స్ ముందు దాన్ని తీసేశారు. అంటే థామ్సన్ ఆట నేర్చుకున్న కాలంలో ఈ పార్కు తీరైన పచ్చిక కాదు, పక్కనే డేరాలు, షెడ్లు, మనుషుల కష్టాలు ఉన్న చోటు. కోర్సు నేల కూడా గట్టిది, ఎగుడుదిగుళ్లున్నది. బంతి పడ్డ చోట ఆగదు, దొర్లుతుంది.

ఈ దొర్లడమే ఆయన చదువు అని నా నమ్మకం. బంతిని ఆకాశానికి లేపి జెండా పక్కన దించడం ఒక రకం ఆట. అది మెత్తటి, నీళ్లు పోసి పెంచిన గ్రీన్స్ (గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక) మీద పనిచేస్తుంది. థామ్సన్ ఆట వేరు. మన పిల్లలు గోళీ వేసే ముందు నేల వాలు చూసి, ఎక్కడ తగిలితే ఎటు తిరుగుతుందో లెక్క వేసుకుంటారే, ఆయన గోల్ఫ్ బంతిని అలా ఆడేవాడు. ముందే కింద పడేలా కొట్టి, మిగతా దూరం నేలతోనే చేయించేవాడు. బ్రిటన్‌లో ఓపెన్ ఆడేవన్నీ సముద్రం ఒడ్డు ఇసుక నేలలు, గాలి హోరు. అక్కడ ఈ విద్య ఎంత పనికొచ్చిందో రేపు లైబ్రరీలో చూడాలి.

మా అమ్మాయి చివరి హోల్‌లో దూరం నుంచి కొట్టిన బంతి దొర్లుతూ వెళ్లి జెండా దగ్గర ఆగింది. అక్కడే గంతులేసింది. వెళ్లేటప్పుడు ఎలియట్ అవెన్యూ పక్కన బర్క్, విల్స్ గుర్తుగా కట్టిన రాళ్ల గుట్ట చూశాం. 1860లో ఖండాన్ని దాటాలని వాళ్లు బయల్దేరింది ఈ పార్కు నుంచే.

బుధవారం, స్టేట్ లైబ్రరీ

ఈ రోజంతా స్వాన్‌స్టన్ స్ట్రీట్‌లోని స్టేట్ లైబ్రరీలోనే గడిచింది. పెద్ద గుమ్మటం కింద ఎనిమిది మూలల రీడింగ్ రూమ్ 1913 నాటిది. నేను కూర్చున్నది మాత్రం పాత పేపర్ల ఫిల్మ్ తిప్పే మిషన్ల దగ్గర. ఆర్గస్ అనే ఇక్కడి దినపత్రిక 1957లో మూతపడింది. థామ్సన్ ఎదిగిన రోజులన్నీ దాని పేజీల్లో ఉన్నాయి.

1954 జూలై తెరిచాను. ఆ చలికాలం మెల్‌బోర్న్‌కి ఎంత గర్వంగా ఉండి ఉంటుందో. జూన్ 21న ఈ ఊరి కుర్రాడే జాన్ లాండీ ఫిన్లండ్‌లో మైలు పరుగు ప్రపంచ రికార్డు బద్దలుకొట్టాడు. మూడు వారాలు తిరక్కుండా రాయల్ బర్క్‌డేల్‌లో ఇరవై నాలుగేళ్ల థామ్సన్ ఓపెన్ గెలిచాడు. ఒకే ఒక్క స్ట్రోక్, అంటే ఒక్క దెబ్బ తేడా; గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలతో ముగించినవాడే విజేత. వెనకబడిన ముగ్గురిలో దక్షిణాఫ్రికా దిగ్గజం బాబీ లాక్ ఉన్నాడు. అప్పటికి లాక్ మూడుసార్లు ఓపెన్ గెలిచినవాడు. ఆఖరి రోజు రెండు రౌండ్లు, అంటే ముప్పై ఆరు హోల్స్ నడవాలి. విజేతకు దక్కింది 750 పౌండ్లు.

నోట్‌బుక్‌లో ఏడేళ్ల లెక్క వరసగా రాసుకున్నాను. 1952 రెండో స్థానం, 1953 రెండో స్థానం (ఆ ఏడాది కార్నూస్టీలో గెలిచింది బెన్ హోగన్), 1954 బర్క్‌డేల్‌లో విజయం, 1955 సెయింట్ ఆండ్రూస్‌లో విజయం, 1956 హోయ్‌లేక్‌లో విజయం, 1957 రెండో స్థానం, 1958 లిథమ్‌లో విజయం. ఏడేళ్లపాటు మొదటి స్థానం లేదా రెండో స్థానం, అంతకు కిందకు దిగలేదు. క్రికెట్‌లో ఇలాంటి వరస ఉంటే మన ఇంట్లో ఆరేళ్ల పిల్లాడు కూడా అప్పజెప్పేవాడు. 1955 ఆట బీబీసీ టీవీలో లైవ్‌గా వచ్చిన మొదటి ఓపెన్. 1958లో డేవ్ థామస్‌తో స్కోరు సమమైతే మళ్లీ ముప్పై ఆరు హోల్స్ ప్లే ఆఫ్ ఆడి నాలుగు స్ట్రోక్‌ల తేడాతో నెగ్గాడు.

అయినా ఈయన పేరు అమెరికా దిగ్గజాలు ఆర్నాల్డ్ పామర్, జాక్ నిక్లాస్ పేర్లతో పాటు ఎందుకు రాదు? అమెరికన్లు చెప్పే మాట ఒకటే: అప్పట్లో మావాళ్లు ఓపెన్‌కి వెళ్లేవాళ్లు కాదు, ఎదురు లేక గెలిచాడు. ఇందులో సగం నిజం. అట్లాంటిక్ దాటి రావడానికి అయ్యే ఖర్చు గెలిచినా తిరిగి రాదు. ఎంత పెద్ద ఆటగాడైనా ముందు క్వాలిఫయింగ్ రౌండ్లు ఆడాల్సిందే. పైగా బంతి వేరు. బ్రిటన్ బంతి 1.62 అంగుళాల అడ్డుకొలత, అమెరికా బంతి 1.68. వినడానికి చిన్న తేడాయే, కానీ గాలిలో రెండూ రెండు రకాల బంతులు. చిన్నది ఎదురుగాలిని చీల్చుకుపోతుంది. అందుకే పామర్‌కి ముందు చాలామంది అగ్రశ్రేణి అమెరికన్లు ఇళ్ల దగ్గరే ఆగిపోయారు.

మిగతా సగానికి జవాబు 1965లో వచ్చింది. మళ్లీ రాయల్ బర్క్‌డేల్. ఈసారి పామర్ ఉన్నాడు, నిక్లాస్ ఉన్నాడు, అంతకు ముందు ఏడాది గెలిచిన టోనీ లెమా ఉన్నాడు. థామ్సన్‌కి ముప్పై అయిదేళ్లు. 74, 68, 72, 71 కొట్టి రెండు స్ట్రోక్‌ల తేడాతో ఐదో ఓపెన్ గెలిచాడు. ఇప్పటివరకు ఆయన కంటే ఎక్కువసార్లు గెలిచింది హ్యారీ వార్డన్ ఒక్కడే, ఆరుసార్లు. ఇరవై ఏళ్ల తర్వాత 1985లో, యాభై దాటినవాళ్లు ఆడే అమెరికా సీనియర్ టూర్‌లో, వాళ్ల గడ్డ మీద, వాళ్ల బంతితో, ఒకే ఏడాదిలో తొమ్మిది టోర్నమెంట్లు గెలిచాడు. అప్పటికి యాభై అయిదు దాటాయి. ఆ అనుమానం ఇంకా ఎవరికైనా ఉంటే ఆ ఏడాది రికార్డు చూస్తే చాలు.

అమెరికాలో ఆయన బొత్తిగా ఆడలేదని కాదు. 1956లో టెక్సస్‌లో ఒక టోర్నీ గెలిచాడు, అదే ఏడాది యుఎస్ ఓపెన్‌లో నాలుగో స్థానం, 1957 మాస్టర్స్‌లో ఐదో స్థానం. కానీ డబ్బు ఉన్న ఆ టూర్‌లో స్థిరపడలేదు. ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడుసార్లు, న్యూజిలాండ్ ఓపెన్ తొమ్మిదిసార్లు గెలిచాడు. హాంకాంగ్, మనీలా, ఢిల్లీ, కలకత్తా తిరిగాడు. ఎక్కడ ఆట అప్పుడే మొలకెత్తుతుందో అక్కడికి వెళ్లాడు. క్రీడల పేజీ మనిషిగా నాకు ఇంకో సంతోషం: ఈయన పత్రికలకు కూడా రాశాడు, మెల్‌బోర్న్ ఏజ్‌లో దశాబ్దాల తరబడి.

లైబ్రరీ మెట్ల మీద కూర్చుని మా మరదలు కట్టిచ్చిన పెరుగన్నం తిన్నాను. "బావగారూ, అక్కడ దొరికేవి మీకు పడవు" అని డబ్బా చేతిలో పెట్టింది. కింద పచ్చికలో కొందరు పెద్దపెద్ద పావులతో చదరంగం ఆడుతున్నారు.

గురువారం

పొద్దున ఎండ, పది గంటలకు వాన, మధ్యాహ్నం చలిగాలి. ఒక్క రోజులో నాలుగు కాలాలు చూపించే ఊరని ఇక్కడివాళ్లు చెప్పేది అక్షరాలా నిజం. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ)లో ఉన్న స్పోర్ట్స్ మ్యూజియానికి వెళ్లాను. ఆస్ట్రేలియా క్రీడాకారుల హాల్ ఆఫ్ ఫేమ్ కూడా అక్కడే. థామ్సన్‌ని 1985లో అందులో చేర్చారు, 2001లో లెజెండ్ హోదా ఇచ్చారు. జనం మాత్రం క్రికెట్, ఫుట్‌బాల్ గదుల్లోనే గుమిగూడారు. సాయంత్రానికల్లా ఇంటికి చేరాను.

శుక్రవారం, చెల్టన్‌హమ్, బ్లాక్ రాక్

ఫ్రాంక్‌స్టన్ లైన్‌లో చెల్టన్‌హమ్ దిగి నడిచాను. ఇక్కడి నుంచి సముద్రం వైపు నేలంతా ఇసుకే. దీన్ని శాండ్‌బెల్ట్ అంటారు. వాన పడ్డా నీళ్లు నిలవవు, గడ్డి కింద నేల ఏడాది పొడవునా గట్టిగా ఉంటుంది. గోల్ఫ్‌కి ఇంతకంటే మంచి నేల దొరకదని 1926లో ఇక్కడికి వచ్చిన అలిస్టర్ మెకెంజీ అనే బ్రిటిష్ డిజైనర్ వెంటనే గుర్తించాడు. అలెక్స్ రస్సెల్‌తో కలిసి రాయల్ మెల్‌బోర్న్ వెస్ట్ కోర్సు గీశాడు. చుట్టుపక్కల క్లబ్బులు కూడా ఆయన సలహాలు తీసుకున్నాయి. బంకర్ల (అడ్డంగా పెట్టిన ఇసుక గుంటల) అంచులు కత్తితో కోసినట్టు గ్రీన్ పక్కకే వచ్చి ఆగుతాయి.

పార్క్ రోడ్‌లో విక్టోరియా గోల్ఫ్ క్లబ్. రాయల్ పార్క్ కుర్రాడు తర్వాత చేరిన క్లబ్ ఇదే. సభ్యులకే ప్రవేశం కాబట్టి గేటు దగ్గర నిలబడి చూశాను. 1954లో ఈ ఒక్క క్లబ్‌కి దక్కిన గౌరవం ప్రపంచంలో ఇంకే క్లబ్‌కైనా దక్కిందా అనిపిస్తుంది. ఆ ఏడాది బ్రిటిష్ ఓపెన్ థామ్సన్ గెలిస్తే, బ్రిటిష్ అమెచ్యూర్‌ని (డబ్బు కోసం ఆడనివాళ్ల పోటీ) మ్యూర్‌ఫీల్డ్‌లో డగ్ బాక్లీ గెలిచాడు. ఇద్దరూ ఇక్కడి సభ్యులే. 2006లో యుఎస్ ఓపెన్ గెలిచిన జెఫ్ ఓగిల్వీ పెరిగింది కూడా ఈ క్లబ్ పరిసరాల్లోనే.

పక్కనే శాండ్రింగ్‌హమ్ పబ్లిక్ కోర్సు ఉంది, దాన్ని ఈమధ్య తిరిగి తీర్చిదిద్దింది ఓగిల్వీ సంస్థే. ఆస్ట్రేలియా గోల్ఫ్ సంఘం ఆఫీసు కూడా ఈ పబ్లిక్ కోర్సు పక్కనే కట్టుకున్నారు. నాకు ఈ ఏర్పాటు చాలా నచ్చింది. దేశపు గోల్ఫ్ పెద్దలు కిటికీలోంచి చూస్తే ఎదురుగా కనిపించేది సభ్యత్వం లేని మామూలు జనం ఆట. కాసేపు ప్రాక్టీస్ చోట నిలబడి చూశాను. స్కూల్ డ్రెస్సుల్లో వచ్చిన ఆడపిల్లలు వరసగా నిలబడి కొడుతున్నారు.

దగ్గర్లోనే రాయల్ మెల్‌బోర్న్. 1959లో థామ్సన్, కెల్ నేగిల్ జంట ఇక్కడ కెనడా కప్ గెలిచింది. తర్వాత దాన్నే వరల్డ్ కప్ అన్నారు. కానీ నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది 1998 డిసెంబర్. ప్రెసిడెంట్స్ కప్ అంటే అమెరికా జట్టు ఒక వైపు, యూరప్ కాకుండా మిగతా ప్రపంచం ఇంకో వైపు. అమెరికా కెప్టెన్ నిక్లాస్, జట్టులో టైగర్ వుడ్స్. ఇటు కెప్టెన్ అరవై తొమ్మిదేళ్ల థామ్సన్. ఆయన జట్టులో గ్రెగ్ నార్మన్, ఎర్నీ ఎల్స్, మన మూలాలున్న ఫిజీ ఆటగాడు విజయ్ సింగ్, ఆడిన ఐదు మ్యాచ్‌లూ గెలిచిన జపాన్ ఆటగాడు షిగెకీ మరుయామా. 20.5-11.5 స్కోరుతో గెలిచారు. ఆ కప్ చరిత్రలో అంతర్జాతీయ జట్టు గెలుపు ఇప్పటివరకూ అదొక్కటే.

ఆ జట్టు పేర్లు చూస్తుంటే నాకు థామ్సన్ జీవితమే కనిపించింది. జపాన్, ఫిజీ, దక్షిణాఫ్రికా, పరాగ్వే. గోల్ఫ్ అంటే రెండు దేశాల ఆట కాదని ఆయన నలభై ఏళ్లు తిరిగి చెప్పిన మాటకి ఆ స్కోరు బోర్డు సాక్ష్యం. గెలిచిన ఓపెన్‌ల తర్వాత ఆయనకు దక్కిన పెద్ద విజయం ఇదేనని నేనంటాను.

శనివారం, ఫింగల్

తమ్ముడు కారు తీశాడు. "అన్నయ్యా, వెస్ట్ గేట్ బ్రిడ్జి మీద ట్రాఫిక్ పెరగకముందే దాటేద్దాం" అని తెల్లారకుండానే లేపాడు. ఊరు దాటి మార్నింగ్టన్ పెనిన్సులా వైపు పోతుంటే ఒక పక్క ఆఖాతం నీళ్లు, ఇంకో పక్క ద్రాక్ష తోటలు. కేప్ షాంక్ దగ్గర ఫింగల్ అనే చోట ఇసుక దిబ్బల మధ్య మూనా లింక్స్ ఉంది. ఆటతో పాటు థామ్సన్ కోర్సులు గీయడంలోనూ మునిగిపోయాడు. ఆయనా, ఆయన సంస్థ మనుషులూ కలిసి గీసిన కోర్సు ఇది, పేరు ఓపెన్ కోర్సు. 2003, 2005 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లు ఇక్కడే జరిగాయి. మొదటిది పీటర్ లోనార్డ్, రెండోది రాబర్ట్ అలెన్‌బీ గెలిచారు.

కారు తలుపు తెరవగానే బాస్ జలసంధి గాలి లాగి కొట్టింది. తమ్ముడి టోపీ ఎగిరిపోయింది. మొదటి హోల్‌లో నిలబడి చూస్తే గడ్డి దిబ్బలు, వంకర మానుల మూనా చెట్లు, మధ్యలో సన్నటి దారి. సముద్రం కనపడదు, గాలిలో మాత్రం ఉంది. బ్రిటన్‌లో తాను ఐదుసార్లు గెలిచిన నేలలాంటిదాన్ని ఇంటి దగ్గర కట్టుకున్నాడనిపించింది. మేం ఆడలేదు, అనుమతి అడిగి పక్కదారి వెంట నడిచాం. బంకర్లు లోతైనవి. ఎత్తు బంకర్ అంచు దగ్గర ఒకాయన ఇసుకలోంచి మూడోసారి కొట్టి బంతిని బయటికి తెచ్చాడు. గ్రీన్ ముందు మాత్రం చాలా హోల్స్‌లో దారి తెరిచే ఉంచాడు థామ్సన్. దొర్లించగలిగినవాడికి దారి ఉంది. రాయల్ పార్క్‌లో మంగళవారం మా అమ్మాయి కొట్టిన దెబ్బ ఇక్కడ కూడా చెల్లుతుంది.

దారిలో తమ్ముడు ఇంకో విషయం అడిగాడు. "ఆట కాకుండా ఇంకేమైనా చేశాడా?" చేశాడు. 1962 నుంచి 1994 దాకా ఆస్ట్రేలియా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘానికి అధ్యక్షుడు. 1982లో విక్టోరియా రాష్ట్ర ఎన్నికల్లో ప్రహ్రాన్ నియోజకవర్గం నుంచి లిబరల్ పార్టీ తరఫున నిలబడి కొద్దిలో ఓడిపోయాడు. మత్తుమందుల అలవాటు నుంచి బయటపడే వాళ్లకోసం పనిచేసే ఒడిస్సీ హౌస్‌కి అండగా నిలిచాడు. చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ జబ్బుతో బాధపడి 2018 జూన్ 20న, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో, మెల్‌బోర్న్‌లోనే పోయాడు.

ఆదివారం, వెరిబీ

తమ్ముడి స్నేహితులు నలుగురైదుగురు ఆదివారాలు వెరిబీ పార్క్ పబ్లిక్ కోర్సులో ఆడతారు. ఒకరిది గుంటూరు, ఒకరిది కరీంనగర్, ఒకరిది మా విజయనగరం. ఇండియాలో ఉండగా ఎవరూ గోల్ఫ్ క్లబ్ ముట్టుకోలేదు. ఇక్కడికి వచ్చాక ఇంటి దగ్గర కోర్సు ఉంది, ఎవరైనా ఆడొచ్చని తెలిసి మొదలుపెట్టారు. ఆట అయ్యాక చెట్టు కింద పులిహోర, దోసకాయ పచ్చడి సర్దుకుని కూర్చున్నాం. వారం రోజులుగా నేనేం చూశానో చెప్పమన్నారు.

నేను ఢిల్లీ దగ్గర మొదలుపెట్టాను. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ 1955లో పుట్టింది. అంతకు ముందు మన దగ్గర క్లబ్బులు లేవని కాదు, కలకత్తా క్లబ్ 1829 నాటిది, బ్రిటన్ బయట అంత పాతది లేదు. లేనిది ప్రపంచ ఆటగాళ్లు వచ్చి ఆడే ఓపెన్ టోర్నీ. దాన్ని మొదలుపెట్టమని వెంటపడి ప్రోత్సహించిన వాళ్లలో థామ్సన్ ముందున్నాడు. మాటలతో వదిలేయలేదు, 1964లో మొదటి ఇండియన్ ఓపెన్‌కి తానే వచ్చి ఆడి గెలిచాడు. మరుసటి ఏడాది కలకత్తాలో పి.జి. సేఠీ అనే మన అమెచ్యూర్ గెలిచాడు. అదే ఏడాది థామ్సన్ బర్క్‌డేల్‌లో నిక్లాస్, పామర్లను ఓడించాడు. 1966లో మళ్లీ మన దేశంలో ఉన్నాడు. 1976లో నలభై ఆరేళ్ల వయసులో వచ్చి మూడోసారి గెలిచాడు. ఆ రోజుల్లోనే ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ కోర్సును తిరిగి గీసిచ్చాడు.

"డబ్బుల కోసమైతే అమెరికా పోయేవాడు కదా అంకుల్?" అన్నాడు కరీంనగర్ కుర్రాడు. నేను చెప్పాలనుకున్నది అదే. ఓపెన్ విజేతగా ఆయనకు ఏ తలుపైనా తెరుచుకునేది. ఆయన మాత్రం తలుపు ఇంకా లేని చోట్లకు పోయి గోడలో సందు చేశాడు. రాయల్ పార్క్ లేకపోతే తాను ఏమై ఉండేవాడో ఆయనకు తెలుసు కాబట్టే అలా చేశాడని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మా అమ్మాయి అడిగింది, "మరి ఆ టోర్నీ వల్ల మనవాళ్లెవరికైనా మేలు జరిగిందా, పెదనాన్నా?"

అలీ షేర్ గురించి చెప్పాను. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా, అంటే ఆటగాళ్ల సంచీ మోస్తూ ఎదిగినవాడు. సేఠీ తర్వాత ఇరవై ఆరేళ్లపాటు మనవాళ్లెవరూ ఇండియన్ ఓపెన్ గెలవలేదు. 1991లో ఆ క్యాడీ గెలిచాడు. ఆ కప్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అతనే. 1993లో మళ్లీ గెలిచాడు. టోర్నీ లేకపోతే సంచీ మోసే కుర్రాడు ప్రపంచ ఆటగాళ్లను దగ్గర్నుంచి చూసే అవకాశమే లేదు, వాళ్లను ఓడించే అవకాశం అసలే లేదు. ఆ వార్త వచ్చిన రోజు మా పేజీలో దానికి ఎంత చోటిచ్చామో నాకు గుర్తులేదు, పేజీ మొత్తం ఇవ్వాల్సిన వార్త అది.

ఢిల్లీ కోర్సును 2019లో దక్షిణాఫ్రికా ఆటగాడు గ్యారీ ప్లేయర్ మళ్లీ మార్చాడు, కాబట్టి థామ్సన్ గీసిన గ్రీన్స్ అక్కడ వెతికి లాభం లేదు. బెంగళూరులో కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు మాత్రం ఆయన సంస్థ గీసినదే. విజయనగరం అబ్బాయి ఫోన్ తీసి అప్పటికప్పుడు బెంగళూరులో ఉన్న తన అన్నకి కాల్ చేశాడు. వాళ్ల ఆఫీసులో ఆ క్లబ్ సభ్యులు ఒకరున్నారట, జనవరిలో నన్ను లోపలికి తీసుకెళ్లి పద్దెనిమిది హోల్స్ నడిపించడానికి ఒప్పుకున్నారు.